కొత్త ల్యాప్‌టాప్‌లో వీడియో మధ్యలో ఆగిపోతోందా? బొబ్బిలిలో ఉండే ఏం చేయొచ్చు, ఎవరిని అడగొచ్చు

ల్యాప్‌టాప్ కొని వారం కాలేదు. క్లాసు వీడియో పెట్టారు. పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత బొమ్మ బిగుసుకుపోయింది. మౌస్ కదల్లేదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపి, మళ్లీ ఆన్ చేశారు. మర్నాడు మళ్లీ అదే.

కొన్న షాపుకి ఫోన్ చేస్తే ‘నెట్ స్లోగా ఉందేమో చూడండి’ అన్నారు. నెట్ కనెక్షన్ ఇచ్చినాయన్ని అడిగితే ‘మా లైను బాగానే ఉంది, మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది’ అన్నారు. కంపెనీ కస్టమర్ కేర్ వాళ్లు ‘ఒకసారి ఫార్మాట్ చేసి చూడండి’ అన్నారు. ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. కానీ ఈ తిరుగుడులో గడిచిపోయేది మీ గడువు. ఆన్‌లైన్‌లో కొంటే వస్తువు మార్చుకోడానికి చాలాసార్లు వారం, పది రోజులే ఉంటుంది. అది దాటితే ‘మార్చి ఇవ్వం, రిపేరు చేస్తాం’ అనే మాట మొదలవుతుంది.

కాబట్టి ల్యాప్‌టాప్‌ను బాగు చేసుకోవడం ఒక పని, తప్పు ఎక్కడుందో కాగితం మీద చూపించగలగడం ఇంకో పని. రెండూ ఒకేసారి చేసుకోవచ్చు. ఎలాగో చూద్దాం. ఇక్కడ చెప్పేదంతా విండోస్ ల్యాప్‌టాప్‌ల గురించి.

ఎలా ఆగిందో ముందు గమనించండి

‘హ్యాంగ్ అవుతోంది’ అని మనం ఒకే మాట వాడేస్తాం. నిజానికి అందులో మూడు వేర్వేరు జబ్బులున్నాయి.

తెర మధ్యలో గుండ్రని చక్రం తిరుగుతోంది, మౌస్ మాత్రం కదులుతోంది, వేరే ప్రోగ్రామ్‌లు తెరుచుకుంటున్నాయి అంటే అది ఎక్కువగా నెట్ సమస్య. బొమ్మ ఆగిపోయింది కానీ మాట వినిపిస్తూనే ఉంది అంటే వీడియోను విప్పి తెర మీద చూపించే గ్రాఫిక్స్ భాగంలోనో, దాని డ్రైవర్‌లోనో, బ్రౌజర్‌లోనో తేడా ఉంది. బొమ్మా మాటా రెండూ ఆగి, చివరి శబ్దం ‘గర్ర్’ మని అదేపనిగా మోగుతూ, మౌస్ కూడా చచ్చిపోతే మొత్తం సిస్టమ్ నిలిచిపోయిందన్నమాట. అప్పుడు డ్రైవర్‌నీ, ర్యామ్‌నీ, డిస్క్‌నీ, వేడినీ అనుమానించాలి. మీకు ఏది జరుగుతోందో ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. తేదీ, సమయం కనిపించేలా తీస్తే మరీ మంచిది. ఇప్పుడు అనవసరం అనిపించే ఆ అరనిమిషం వీడియోనే తర్వాత మీ దగ్గరుండే గట్టి సాక్ష్యం.

నెట్ తప్పో కాదో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. యూట్యూబ్‌లో వీడియో నడుస్తుండగా దాని మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ ఎంచుకోండి. ఓ మూల చిన్న నల్ల పెట్టె వస్తుంది. అందులో ‘బఫర్ హెల్త్’ అని సెకన్లలో ఒక అంకె ఉంటుంది. ఇంకా చూపించాల్సిన వీడియో ముందుగా ఎన్ని సెకన్లకు సరిపడా దిగి ఉందో ఆ అంకె చెప్తుంది. వీడియో ఆగిన క్షణానికి అది సున్నా దగ్గరుంటే నెట్ అందలేదని అర్థం. ఇరవై, ముప్పై సెకన్ల నిల్వ ఉండి కూడా ఆగిందంటే లైను వేసినాయన చెప్పిందే నిజం. అదే పెట్టెలో ‘డ్రాప్డ్ ఫ్రేమ్స్’ అంకె గబగబా పెరుగుతుంటే, వచ్చిన వీడియోను చూపించడానికే ల్యాప్‌టాప్ అవస్థ పడుతోందన్నమాట. ఆ పెట్టె కనిపించేలా ఒక ఫొటో తీసుకోండి. తెర పూర్తిగా బిగుసుకుపోయినా చివరి అంకెలు దాని మీదే నిలిచి ఉంటాయి.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. ఫోన్‌లో తీసిన వీడియోనో, దించుకున్న సినిమానో ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయండి. వైఫై ఆపేసి ఆడించండి. అప్పుడూ ఆగిందంటే నెట్ మాట ఇక ఎవరూ ఎత్తడానికి లేదు.

కొత్తదైతే మొదటి రోజు కాస్త ఓపిక పట్టాలి

పెట్టె తెరిచిన మొదటి కొన్ని గంటలూ విండోస్ లోపల చాలా పని చేసుకుంటుంది. అప్‌డేట్లు దించుకుంటుంది, ఫైళ్లకు సూచిక తయారు చేసుకుంటుంది. ఆ సమయంలో 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కూడా ఆయాసపడుతుంది, 4 జీబీదైతే సరేసరి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో మెమరీయో డిస్కో దాదాపు నూరు శాతం దగ్గర కూర్చుని ఉంటే, ముందు అప్‌డేట్లన్నీ పూర్తి కానివ్వండి. రెండుమూడుసార్లు రీస్టార్ట్ చేసి అప్పుడు చూడండి.

ఈ దశలోనే తరచూ దొరికే దొంగ ఒకటుంది, రెండు యాంటీవైరస్‌లు. ల్యాప్‌టాప్‌తో పాటు ట్రయల్‌గా ఒకటి వస్తుంది, షాపులో ‘ఫ్రీగా వేశాం’ అంటూ ఇంకొకటి వేస్తారు. రెండూ ప్రతి ఫైలునూ తడుముతూ ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటాయి. ఒకటి తీసేయండి. విండోస్‌లో ముందే ఉండే డిఫెండర్ మామూలు వాడకానికి సరిపోతుంది, రెండూ తీసేసినా నష్టం లేదు.

అప్పటికీ ఆగుతుంటే బ్రౌజర్ దగ్గరకు వెళ్లండి. క్రోమ్‌లో సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అక్కడ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అనే మీట ఉంటుంది. వీడియో విప్పే పనిని ప్రాసెసర్ మీద వేయకుండా గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే ఏర్పాటు అది. మామూలుగా అది ఆన్‌లో ఉండటమే మంచిది. కానీ డ్రైవర్ పాతదో, తేడాదో అయితే సరిగ్గా అక్కడే బొమ్మ బిగుసుకుంటుంది. ఒకసారి ఆపి, బ్రౌజర్ మూసి తెరిచి, అరగంట వీడియో నడపండి. ఆగడం మానేసిందంటే జబ్బు డ్రైవర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. అయితే ఆ మీటను అలా ఆపేసి వదిలేయకండి. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఫ్యాను మోగుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ సీరియల్ నంబర్ కొట్టి, ఆ మోడల్‌కు ఇచ్చిన తాజా గ్రాఫిక్స్ డ్రైవర్, దాంతోపాటు బయోస్ అప్‌డేట్ వేసుకుని, మీట మళ్లీ ఆన్ చేసి చూడండి. బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచాలి. మధ్యలో కరెంటు పోతే కష్టం కాబట్టి బ్యాటరీ కూడా నిండుగా ఉన్నప్పుడే ఆ పని పెట్టుకోండి.

వీడియో బిగుసుకున్న క్షణంలో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగు కీలు కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది. తెర ఒక్కసారి ఆరి, మళ్లీ ప్రాణం వస్తే జబ్బు గ్రాఫిక్స్ వైపు ఉందని తెలుస్తుంది. సేవ్ చేయని పని కూడా పోదు.

లో-వోల్టేజీ వల్లేనా?

మన దగ్గర ఏ వస్తువు మొరాయించినా ముందు వోల్టేజీని తిడతాం. ఫ్రిజ్, మోటారు విషయంలో అది న్యాయమే. ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం చాలావరకు కాదు. దాని అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో చూడండి, 100 నుంచి 240 వోల్టుల వరకు అని రాసి ఉంటుంది. సాయంత్రం వేళ వోల్టేజీ 180కి పడిపోయినా దానికి లెక్క లేదు. పైగా మధ్యలో బ్యాటరీ ఉంది.

అసలు చూడాల్సింది ఆ అడాప్టర్ ఎన్ని వాట్లదని. నా అనుభవమే చెప్తాను. రెండు రోజులు డ్రైవర్లు మార్చి మార్చి విసిగిపోయాక తెలిసింది, ఇంట్లో ఎవరో 65 వాట్ల ఛార్జర్ తీసి దాచి, టైప్-సి కదా అని ఫోన్ ఛార్జర్ పెట్టారు. చాలినంత కరెంటు అందకపోతే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వీడియో నత్తనడక నడుస్తుంది. తప్పు కంపెనీది కాదు, నాది.

వేడి కూడా అంతే. మే నెల మధ్యాహ్నం మంచం మీద, దుప్పటి పైన పెట్టుకుని చూస్తే అడుగున గాలి పీల్చే కన్నాలు మూసుకుపోతాయి. బల్ల మీద పెట్టి, ఫ్యాను కింద గంటసేపు నడిపి చూడండి. అప్పుడు ఆగకపోతే సర్వీస్ సెంటర్ దాకా వెళ్లే పనే లేదు. బల్ల మీద, చల్లగా ఉన్న గదిలో కూడా వేడెక్కి ఆగుతుంటే మాత్రం ఆ సంగతి రాసి పెట్టుకోండి.

ల్యాప్‌టాపే రాసుకునే డైరీ

విండోస్‌లో రోజువారీ తప్పుల చిట్టా ఒకటి ఉందని చాలామందికి తెలియదు. స్టార్ట్ దగ్గర ‘రిలయబిలిటీ’ అని కొట్టండి, ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ అని వస్తుంది. తెరిస్తే తేదీల వారీగా ఒక గ్రాఫు, ఏ రోజు ఏం కూలిందో ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. ‘హార్డ్‌వేర్ ఎర్రర్’ అనో, ‘విండోస్ సరిగా షట్‌డౌన్ కాలేదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యమో మీరు ఫోన్‌లో తీసిన వీడియో సమయానికి సరిపోతే, ఆ తెరను ఫొటో తీసుకోండి. ‘కస్టమర్ వాడకం వల్ల’ అని ఎవరైనా అంటే, ఇది కొన్న మూడో రోజు నుంచీ ఉందని చూపించొచ్చు. ఫార్మాట్ చేస్తే ఈ చిట్టా మొత్తం పోతుంది. అందుకే కస్టమర్ కేర్ మాట విని వెంటనే ఫార్మాట్ కొట్టకండి. ముందు ఫొటోలు, తర్వాతే ఫార్మాట్.

తర్వాత హార్డ్‌వేర్ పరీక్ష. చాలా కంపెనీలు దీన్ని ల్యాప్‌టాప్‌లోనే పెట్టి ఇస్తాయి. హెచ్‌పీలో ఆన్ చేయగానే ఎఫ్2, డెల్‌లో ఎఫ్12 నొక్కితే ఆ మెనూకు దారి దొరుకుతుంది. మిగతా వాటికి ఏ కీ అన్నది కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ర్యామ్, డిస్క్ పరీక్షలు పూర్తిగా నడవనివ్వండి. తప్పు దొరికితే ఒక కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్ చెప్తే కస్టమర్ కేర్ గొంతే మారిపోతుంది.

మీకో, మీ ఇంటి పిల్లలకో కాస్త చొరవ ఉంటే ఇంకో మంచి పరీక్ష చేయొచ్చు. ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీదే ల్యాప్‌టాప్‌ను నడిపి వీడియో చూడండి. విండోస్ లేనప్పుడు కూడా బిగుసుకుంటే అనుమానం హార్డ్‌వేర్ మీదకే గట్టిగా వెళ్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టాక విండోస్ ‘రికవరీ కీ’ అడుగుతుంది. అందుకని కింద చెప్పే సంగతి చూసుకున్నాకే ఈ పరీక్షకు దిగండి.

సర్వీస్‌కు ఇచ్చే ముందు తప్పకుండా చూసుకోవాల్సింది

విండోస్ 11తో వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో డిస్క్‌లోని సమాచారం దానంతటదే తాళంలోకి వెళ్తుంది. దాని తాళంచెవి 48 అంకెల రికవరీ కీ. మొదటిసారి ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యారో ఆ ఖాతాలో అది దాచి ఉంటుంది. మదర్‌బోర్డు మార్చినా, ఒక్కోసారి బయోస్ మారినా విండోస్ ఆ కీ అడుగుతుంది.

చిన్న ఊళ్లలో షాపువాళ్లే సెటప్ చేసి ఇవ్వడం మామూలు. కస్టమర్‌కు ఈ-మెయిల్ గుర్తులేదంటే అప్పటికప్పుడు ఏదో ఒకటి సృష్టించేస్తారు, లేదా తమదే పెడతారు. అప్పుడు మీ ఇంటి బీరువా తాళంచెవి వాళ్ల జేబులో ఉన్నట్టే. సర్వీస్ సెంటర్ బోర్డు మార్చిన రోజు మీ ఫొటోలూ ప్రాజెక్టు రిపోర్టూ అన్నీ ఆ తాళం వెనక ఉండిపోతాయి. ఈ రోజే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, అక్కడున్న ఈ-మెయిల్ మీదేనా అని చూడండి. మీదైతే ఆ ఖాతాలో నుంచి కీని కాగితం మీద రాసుకోండి. మీది కాకపోతే ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకో క్లౌడ్‌లోకో ఎక్కించి, ఆ తర్వాత మీ ఖాతాతో కొత్తగా సెటప్ చేసుకోండి.

ఆ పనిలో పనిగా కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. మీరు కొన్న తేదీ కంటే నెలల ముందు నుంచి లెక్క నడుస్తుంటే బిల్లు పంపి తేదీ సరిచేయించుకోవాలి. ‘ఆన్‌సైట్’ వారంటీ అని ఉంటే మీ పిన్ కోడ్ 535558కి మనిషి వస్తాడా లేదా అని అడిగి, ఆ జవాబు ఈ-మెయిల్‌లో తెప్పించుకోండి. విశాఖలో ఉన్నంత సులువుగా ఇక్కడికి రాకపోవచ్చు. ‘మీరే తెచ్చివ్వాలి’ అని వారంటీ పత్రంలో లేకపోతే మోసుకెళ్లే బాధ్యత మీది కాదు.

ల్యాప్‌టాప్ అప్పజెప్పినప్పుడు జాబ్‌షీట్ ఇస్తారు. అక్కడ ‘స్లో’ అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోకండి. ‘వీడియో నడుస్తుండగా పూర్తిగా ఆగిపోతోంది, కొన్న మూడో రోజు నుంచి, ఇప్పటికి ఇన్నిసార్లు’ అని రాయించండి. రెండోసారి, మూడోసారి వెళ్లినా ప్రతిసారీ కొత్త జాబ్‌షీట్ అడగండి. ఒకే జబ్బుకు మూడు జాబ్‌షీట్లు ఉన్నాయంటే, రిపేరుతో అది తగ్గట్లేదని వాళ్ల కాగితమే చెప్తుంది.

‘అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు’

బిల్లు కింద ఈ వాక్యం చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. లోపం ఉన్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అని ఆ చట్టం చెప్తోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. ‘బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తాం’ అనే బేరానికి ఒప్పుకున్నవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు 2020 ఈ-కామర్స్ నియమాలు అదనపు అండ. ఆ వేదిక గ్రీవెన్స్ ఆఫీసర్ మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కొన్నిచోట్ల కంపెనీ టెక్నీషియన్ చూసి ‘వచ్చినప్పుడే పాడై ఉంది’ అని ధ్రువీకరిస్తేనే మార్చి ఇస్తామంటారు. అలాగైతే గడువు ముగియక ముందే టెక్నీషియన్ కోసం అడిగినట్టు రాతపూర్వక ఆధారం ఉంచుకోండి. అతను ఆలస్యంగా వచ్చినా, అడిగింది మీరు సకాలంలోనే కదా.

మాటలతో తేలకపోతే 1915కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. 8800001915కి వాట్సాప్ కూడా చేయొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. కస్టమర్ కేర్‌లో నెలల తరబడి కదలని ఫైలు ఒక్కోసారి ఇక్కడి నుంచి వెళ్లిన ఫిర్యాదుతో కదులుతుంది. డాకెట్ నంబర్ రాసుకోండి.

కేసు వేయాల్సి వస్తే

అప్పటికీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు బొబ్బిలి రెవెన్యూ డివిజన్ అయింది కానీ విజయనగరం జిల్లాలోనే ఉండిపోయింది. కాబట్టి మీ కమిషన్ విజయనగరంలో ఉంటుంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, ఆన్‌లైన్‌లో అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా ఫరవాలేదు. కొన్నవాళ్లు నివసించే చోటే, లేదా పనిచేసే చోటే కేసు వేసుకోవచ్చని 2019 చట్టం చెప్పింది. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు.

వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపుంటే ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయొచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. వస్తువుకు పరీక్ష అవసరం లేకపోతే మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకంటే ఎక్కువ పట్టొచ్చు, దానికి సిద్ధపడే వెళ్లండి.

ఇలాంటి కేసుల్లో ఎదుటివాళ్ల మొదటి వాదన తయారీలోనే లోపం ఉందని రుజువేది అని. లోపం పరీక్ష చేస్తే తప్ప తేలదనుకుంటే, వస్తువును తగిన ల్యాబ్‌కు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. ఆ ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమనొచ్చు. మీ ఫోన్ వీడియోలు, రిలయబిలిటీ చిట్టా ఫొటోలు, హార్డ్‌వేర్ పరీక్ష కోడ్, మూడు జాబ్‌షీట్లు అన్నీ అప్పుడే పనికొస్తాయి. లోపం రుజువైతే బాగుచేయించమనో, కొత్తది ఇవ్వమనో, డబ్బు వాపసు చేయమనో కమిషన్ ఆదేశించొచ్చు. పరిహారం కూడా అడగొచ్చు.

వ్యాపారానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారనే మాట ఒకటి తరచూ వినిపిస్తుంది. పూర్తిగా నిజం కాదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునేవాళ్లకు చట్టం మినహాయింపు ఇచ్చింది. గొల్లపల్లిలో వీణలు చేసి, ఆర్డర్ల కోసం వీడియోలు పెట్టుకోడానికి ఒక ల్యాప్‌టాప్ కొన్న కళాకారుడు వినియోగదారుడే. పది ల్యాప్‌టాప్‌లు కొని కోచింగ్ సెంటర్ నడిపే సంస్థ పరిస్థితి వేరు.

విచారణకు వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరవుతామని కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. విజయనగరం రానూపోనూ ఒక పూట పని కాబట్టి ఇది నిజంగా ఉపయోగమే. ఆ రోజుకి మాత్రం వేరే ఎవరి ల్యాప్‌టాపో అడిగి తెచ్చుకోండి.

వాయిదాల మీద కొన్నవాళ్లు, వస్తువు పనిచేయట్లేదన్న కోపంతో ఈఎంఐ కట్టడం ఆపకండి. అప్పు ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ, వస్తువు అమ్మింది షాపు, వాళ్ల లెక్కలు వేరు. కట్టడం ఆపితే జరిమానా పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. వాయిదాలు కడుతూనే, ఇప్పటివరకు కట్టిన మొత్తమూ వడ్డీతో సహా వాపసు ఇప్పించమని ఫిర్యాదులో అడగండి. రసీదులు జత చేయడం మర్చిపోవద్దు.